ఆస్పిరిన్ సేవించు పెద్దల యుదరరక్షణము

కమ్మర్‌పల్లి మొదలు బోధను వఱకు గుండెజబ్బునకై నిత్యము ఆస్పిరిన్ మ్రింగు పెద్దలు మనలోఁ గలరు. అది నెత్తురు గడ్డకట్టనీయదు. కడుపులోఁ బుండున్నచో నా నెత్తురే యాగక స్రవించును. పుండునకుఁ గారమే కారణమని మనవారు నేఁటికిని వాదింతురు! ముఖ్యహేతువు హెలికోబాక్టర్ పైలోరీ యను సూక్ష్మజీవి.

బ్రిటనులో నీ క్రిమి గలిగి, ఆస్పిరిన్ వాడుచున్న, 60 ఏండ్లు నిండిన 5,352 మందిని రెండు తెగలు చేసి పరిశీలించి, 2022లో ఫలితములు ప్రకటించిరి. ఒక తెగకు వారముదినములు క్రిమిహరములు రెండును, ఆమ్లహర మొకటియు నిచ్చిరి. మొదటి రెండున్నర యేండ్లలోఁ బుండు స్రవించి ఆసుపత్రిపాలగుటయో మరణించుటయో వీరియందు 6 మార్లు, ఉత్తమాత్రలు తినినవారియందు 17 మార్లు జరిగెను. పిమ్మట నా భేదము నిలువలేదు.

పెండ్లిండ్లకు వేలు వ్యయించు మనము శ్వాసపరీక్షకో మలపరీక్షకో వెనుదీయనేల? వైద్యు నడిగి చేయించుఁడని మేము కోరుచున్నారము. ఆస్పిరిన్‌ను మాత్రము మీయంతట మానకుఁడు. మలము నల్లనైనచో నాఁడే వైద్యునిఁ జేరుఁడు.