కాళ్ల కింది బండకూ ఒక చరిత్ర ఉంది

(అశోక్‌నగర్‌ల పోటీ పరీక్షల అభ్యర్థుల సమావేశంల చేసిన ప్రసంగ పాఠం)



మీరంత చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీల పొద్దంత తెలంగాణ చరిత్ర చదువుతున్నోళ్లు. కాకతీయుల చెరువులు, అసఫ్‌జాహీల సంస్కరణలు మీకు నోటికే వస్తయి. కానీ నారాయణగూడ, చిక్కడపల్లి పాత ఇండ్లల్ల పరిచిన బండ ఎక్కడిదని అడిగితే ‘షాబాద్ బండ’ అని ఊకుంటం. ఆ బండ వెనక ఊర్లున్నయి, చెమటున్నది.

షాబాద్ ఇయ్యాల కర్ణాటకల ఉన్నది. దాని తోబుట్టువు తాండూరు మన దగ్గరున్నది. 1956 దాక రెండూ హైదరాబాద్ రాష్ట్రంల గుల్బర్గా జిల్లావే. ఆ ఏడు గుల్బర్గా మైసూరుకు పోతే, తాండూరు, కొడంగల్ తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌ల కలిసినయి. గీత నేల మీదనే పడ్డది. కింద సున్నపురాయి పొర మాత్రం ఒక్కటే. బండకు పట్నం తొవ్వ అంతకుముందే పడ్డది. తాండూరు మీదికెళ్లి వాడి పోయే నిజాం రైలు 1874ల మొదలైంది.

పైన నల్లరేగడి, కింద దొంతర్లు దొంతర్లుగ నాపరాయి. రాయి కొట్టుడే కులవృత్తి అయిన వడ్డెరలు, ఊర్ల కైకిలోళ్లు గడ్డపార, ఉలి, సుత్తెలతోని పొరపొర విడదీసిన్రు. తర్వాత కోత మిషన్లు, పాలిష్ యూనిట్లు వచ్చినయి. ఓగిపూర్, మల్కాపూర్, కరన్‌కోట పేర్లు గనులతోనే తెలిసినయి. 1980లల్ల కరన్‌కోటకు కేంద్ర ప్రభుత్వ సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది.

ఇక్కడొక మతలబున్నది. రాయి సున్నపురాయే. పలకగ తీస్తే రాష్ట్రం చేతుల చిన్న ఖనిజం, సిమెంటుకు పోతే 1957 కేంద్ర చట్టం కింద పెద్ద ఖనిజం. ఎట్ల తీసినా సర్కారుకు రాయల్టీ, లీజుదారుకు లాభం. రైతుకు మిగిలేది గుంత. ఆ గుంత ఏ నేలల పడుతున్నది? 2022ల భౌగోళిక గుర్తింపు దక్కిన తాండూరు కంది పండే నేలల. బండ ఒక్కసారే అమ్ముడుపోతది, కంది ఏటేటా పండుతది. ఈ లెక్క ఎవరు చేసిన్రు?

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2015ల ఖనిజ చట్టం సవరించి, గనులతోని నష్టపోయిన ఊర్ల కోసం జిల్లా మినరల్ ఫౌండేషన్ పెట్టిన్రు. 2016ల వికారాబాద్ జిల్లా అయింది. అంటే చట్టమున్నది, నిధి ఉన్నది, కలెక్టరాఫీసు దగ్గరికొచ్చింది. ఇంక కావల్సింది అడిగేటోళ్లు.

రేపు మీల కొందరు తహసీల్దార్లయితరు, డిప్యూటీ కలెక్టర్లయితరు. కుర్చీ వచ్చేదాక ఆగకుండ్రి. 2005 సమాచార హక్కు చట్టం ఇప్పుడే మీ చేతుల ఉన్నది. మూడు ప్రశ్నలు రాయుండ్రి. తాండూరుల నడుస్తున్న లీజులెన్ని? వదిలేసిన గుంతలల్ల పూడ్చినవెన్ని? ఫౌండేషన్ పైసలు ఏ ఊర్ల, దేనికి ఖర్చయినయి? జవాబొస్తే ఆ ఊరోళ్లకు చదివి వినిపియ్యుండ్రి. రాకుంటే అప్పీలు చెయ్యుండ్రి. పుస్తకాలల్ల లేని చరిత్రను ఇట్లనే రాసుకోవాలె.