నీళ్లు దిగని మిషను
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఎల్‌బీ నగర్ సంఘం సభ్యులు చెప్పిన అనుభవం)



పోయిన ఏడాది ఇదే మీటింగులో మేం చాలా గొప్పగా చెప్పుకున్నాం. బ్యాంకు లింకేజీ అప్పుతో రెండు వాషింగ్ మిషన్లు కొన్నామని, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి హాస్టళ్లలో ఉండి కోచింగ్‌కు పోయే పిల్లల బట్టలు ఉతుకుతున్నామని చెప్పాం. మీరంతా చప్పట్లు కొట్టారు. ఈసారి ఆ రెండిట్లో ఒకటి ఎట్ల ఆగిపోయింది, ఎట్ల బాగైంది, నడుమ మేం చేసిన తప్పు ఏంది, అది చెప్పమని అధ్యక్షురాలక్క అడిగింది. తప్పు సంగతి చెప్పడానికి మాలో ఇద్దరు ముగ్గురు వెనకాడారు. మినిట్స్ పుస్తకంలో రాసే ఉంది కదా, దాచేదేముంది అని చివరికి ఒప్పుకున్నాం.

వానాకాలంలో ఒక సాయంత్రం. ముందు తలుపుండే మిషన్ల ఆరుగురు పిల్లల బట్టలు వేశాం. ఉతకడం అయింది, నీళ్లు బయటికి పోవాల్సిన టైముకు మిషను ఊరికే నిలబడ్డది. కాసేపటికి బీప్ బీప్‌మని ఒక కోడ్ చూపించింది. లోపల నీళ్లున్నంతసేపు తలుపు తెరుచుకోదు. ఒక పిల్లకు తెల్లారి పరీక్ష, వేసుకునే డ్రెస్సు అందులోనే ఉంది. రాత్రి ఎనిమిదింటికి ఆ పిల్ల వచ్చి గ్లాసు తలుపులోంచి తన డ్రెస్సును చూస్తా నిలబడ్డది.

మెకానిక్‌కు ఫోన్ చేశాం. వచ్చిండు, బటన్లు రెండుసార్లు నొక్కిండు, బోర్డు పోయిందన్నడు. 4,800 అవుతది, నాలుగు రోజులు పడుతది అన్నడు. కింద ఉన్న చిన్న మూత కూడా తీసి చూడలేదు. మెకానిక్ అన్నలందరూ ఇట్లనే ఉంటారని మేం అనడం లేదు, మంచిగ చేసినవాళ్లను కూడా చూశాం. కానీ ఆ రోజు మాకు ఏం తెలియదు కాబట్టి ఆయన చెప్పిందే నిజమనుకున్నాం. వారంటీ ఉంది కదా అని కంపెనీకి ఫోన్ చేస్తే, ఇంటి వాడకానికి ఇచ్చిన వారంటీ వ్యాపారానికి వర్తించదన్నరు. కొనేటప్పుడు కార్డు వెనక చిన్న అక్షరాల్లో అదే రాసుంది, మేం చదవలేదు. ఇట్లాంటి పని పెట్టుకునే సంఘాలు కొనే ముందే ఆ సంగతి అడగండి.

ఆ రాత్రి మా సంఘంలో ఒక అక్క కూతురు, ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చదివే పిల్ల, ముందుగాల నీళ్లు దింపుదామన్నది. స్విచ్ ఆపి ప్లగ్గు గోడలోంచి పీకేసింది. నల్లా కట్టేసింది. మిషను ముందు కింద మూలన చిన్న మూత ఉంటది, దాని లోపల సన్న రబ్బరు గొట్టం. చివరన బిరడా తీస్తే నీళ్లు వస్తయి. అది నేలకు జానెడు ఎత్తులో ఉంటది, బకెట్ పట్టదు. పిండి కలిపే వెడల్పు బేసిన్ పెట్టి, నిండినప్పుడల్లా బిరడా పెట్టి పారబోసుకుంటా కూర్చున్నాం. పదిహేను లీటర్ల దాకా వచ్చినయి. వేడి నీళ్లతో ఉతికే వాళ్లు చల్లారిందాకా ఆగాలె. అన్నీ దిగినంక కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల డ్రెస్సు చేత్తో పిండి, ఫ్యాను కింద ఆరేసి ఇచ్చాం.

ఇగ తప్పు సంగతి. మెల్లగా తిప్పితే వచ్చే పెద్ద మూత ఇంకోటి ఉంటది, అదే ఫిల్టరు. దాన్ని బయటికి తీస్తే ఒక రెండు రూపాయల బిళ్ల, రెండు గుండీలు, ఒక జుట్టు పిన్ను కనిపించినయి. జేబులు చూసే పని మాలో ఒక చెల్లెది. అందరం ఆమె మీద పడ్డాం. నీ వల్లనే మిషను పోయిందన్నాం. తెల్లారి మీటింగు పెట్టి 500 రూపాయల జరిమానా తీర్మానం రాశాం, వేలిముద్రలు, సంతకాలు కూడా అయినయి. ఆమె ఏమీ అనలేదు. తర్వాత రెండు వారాలు పొదుపు డబ్బులు కొడుకుతో పంపింది, తను రాలేదు.

ఫిల్టరు కడిగి పెట్టినా మిషను నీళ్లు పంపలేదు. అప్పుడు మాకు తెలిసింది మనం ఎన్నడూ ఆలోచించని సంగతి. అన్ని మిషన్లు నీళ్లను ఒకే తీరుగా దింపవు. సెమీ ఆటోమేటిక్‌లో నాబ్ తిప్పితే లోపలి బిరడా లేస్తది, నీళ్లు కిందికి జారిపోతయి. పై నుంచి బట్టలు వేసే ఆటోమేటిక్ మిషన్లలో మన దగ్గర అమ్మేవి చాలా వరకు అట్లాంటివే, చిన్న మోటారు బిరడాను గుంజుతది. అందుకే వాటి గొట్టం నేల మీద కిందికే ఉండాలె. కొన్నిట్లో పంపు ఉంటది. ముందు తలుపుండే వాటిలో అయితే అడుగున డ్రెయిన్ పంపు తప్పకుండా ఉంటది, అది నీళ్లను పైకి ఎత్తి పోస్తది. అందుకని వాటి గొట్టం చివర నడుమెత్తున ఉండాలె, సుమారు రెండు నుంచి మూడడుగులు. నేల మీద పడేస్తే నింపిన నీళ్లు నింపినట్టే జారిపోతయి, మిషను నింపుకుంటనే ఉంటది. మీ ఇంట్లది ఏ రకమో తెలియకుండ పంపు కొనుక్కొస్తే డబ్బులు దండగ.

ఆ పంపు పెద్దదేం కాదు, అరచేతిలో పడుతది. ముప్పై వాట్ల చిన్న మోటారు. లోపల అయస్కాంతం, దానికి చిన్న రెక్కలు, బయట రాగి తీగ చుట్ట. ఎక్కడ పోయిందో చెవితోనే సగం తెలుస్తది. నీళ్లు దింపే టైములో ‘గుయ్’మని చప్పుడొచ్చి నీళ్లు కదలకపోతే రెక్కకు ఏదో అడ్డం పడ్డదని. చప్పుడే లేకపోతే కరెంటు రావడం లేదు, లేదంటే తీగ చుట్ట తెగింది. మాది చప్పుడు లేని రకం. పిల్ల మల్టీమీటరు పెట్టి చూసింది. బాగున్న పంపుకు నూట చిల్లర ఓములు చూపించాలంట, మాదానికి ముల్లు కదలలేదు. చుట్ట తెగింది, బోర్డు సంగతి కాదు. ఒకవేళ చుట్ట మంచిగనే ఉండి పంపు తిరగకపోతే అప్పుడు తీగలో, బోర్డులో తేడా. అది మన పని కాదు, మెకానిక్‌నే పిలవాలె. ఇక్కడ మా వాళ్లలో ఒకరు బోర్డు కూడా విప్పుదామన్నారు. పిల్ల ఒప్పుకోలేదు, మంచిపని చేసింది.

మిషను వెనక్కి వాల్చడం అన్నిటికన్నా కష్టం. లోపల అదరకుండా సిమెంటు దిమ్మ పెడతరు, అరవై డెబ్బై కిలోలుంటది. పాత బొంత పరిచి ముగ్గురం పట్టుకుని గోడకు ఆనించాం, జారకుండా కింద రెండు ఇటుకలు పెట్టాం. ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం చేయకండి. అడుగున పంపు కనిపించింది. విప్పే ముందు ఫోన్లో నాలుగు వైపుల ఫొటోలు తీసుకున్నాం, అవి లేకపోతే ఏ గొట్టం ఎక్కడిదో మరిచిపోయేవాళ్లం. రెండు వైర్ల ప్లగ్గును నొక్కి లాగాలె, వైర్లు పట్టి గుంజొద్దు. మా మిషన్లో పంపు మూడు స్క్రూల మీద ఉంది. కొన్నిట్లో పక్కకు తిప్పితే ఊడొస్తదంట. గొట్టాల స్ప్రింగు క్లిప్పులను ప్లయర్‌తో నొక్కి జరిపాం. కొన్ని నీళ్లు మీద పడ్డయి.

పంపు చేతిలోకి వచ్చినంక రెక్కను తిప్పి చూశాం, కదలలేదు. విప్పి చూస్తే రెక్క వెనకాల నల్లటి ముద్ద. వెంట్రుకలు, దారాలు, దూది నూలు, బోరు నీళ్ల తెల్ల గసి, అన్నీ కలిసి ఇరుసుకు తాడులా చుట్టుకుని ఉన్నయి. ఒక రోజులో చుట్టుకునేది కాదు. తిరగలేక తిరగలేక వేడెక్కి చుట్ట తెగింది. బిళ్ల, గుండీలు, పిన్ను ఫిల్టరు దగ్గరే ఆగినయి, రెక్క దాకా పోనేలేదు. ఫిల్టరు చేయాల్సిన పని అది చేసింది. మిషను కొన్న పద్నాలుగు నెలల్లో దాన్ని ఒక్కసారి కూడా కడగంది మేమే, పదిమంది. రోజుకు ఏడెనిమిది లోడ్లు వేసుకుంటా, నెలకు ఒకసారి మూత తీయాలని ఎవరికీ తట్టలేదు.

అక్కడ నిలబడి కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు.

పాత పంపు సంచిలో వేసుకుని, తలుపు అంచు మీద ఉండే మోడల్ నంబరు ఫొటో తీసుకుని, ఇద్దరం మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి కోఠికి పోయాం. పంపు మీద వోల్టులు, వాట్లు రాసుంటయి. అవి కలవాలె, స్క్రూ రంధ్రాలు, వైరు ప్లగ్గు పెట్టే చోటు కూడా కలవాలె. మొదటి కొట్టులో ఇచ్చింది చూడ్డానికి ఒకే తీరుగుంది గానీ ప్లగ్గు అటుపక్కకుంది. పాతది దగ్గర లేకపోతే అదే తెచ్చుకునేవాళ్లం. రెండో కొట్టులో 750కి సరైంది దొరికింది. తెచ్చి ఫొటోలు చూసుకుంటా విప్పిన వరసకు తిరగేసి బిగించాం. రబ్బరు రింగును మరిచిపోతే కారుతది. మిషను నిలబెట్టి, డ్రమ్ములో రెండు చెంబుల నీళ్లు పోసి, అడుగున పొడి పేపరు పరిచి, ఒట్టి స్పిన్ మీద పెట్టాం. నీళ్లు గొట్టంలోంచి ధారగా పడ్డయి. పేపరు తడవలేదు. మొత్తం తొమ్మిది రోజులు ఒక్క మిషను మీదే పని నడిచింది. ఆ నెల కిస్తీకి 1,600 తక్కువ పడితే అంతర్గత అప్పు తీసి కట్టాం.

ఆ సాయంత్రం నలుగురం ఆ చెల్లె ఇంటికి పోయాం. నల్ల ముద్దను కవర్లో పెట్టుకుని పోయాం, అంతకన్నా వేరే మాట మాకు రాలేదు. ఆమె చూసి, పిన్ను నాదే అక్కా, బట్టలు మడతేసేటప్పుడు పడి ఉంటది అన్నది. నువ్వు చెప్పి ఉంటే అని ఎవరో అంటుంటే, చెప్తే విన్నారా అన్నది. దానికి మా దగ్గర జవాబు లేదు. మరుసటి మీటింగులో జరిమానా రద్దు తీర్మానం రాశాం. ఆమె వచ్చి సంతకం పెట్టింది, కానీ జేబులు చూసే పని ఇగ చేయనన్నది. ఆ పని ఇప్పుడు వంతుల వారీగా అందరం చేస్తున్నాం. ఆమె డబ్బుల లెక్క చూస్తున్నది.

చిన్న బట్టలకు జాలీ సంచులు కుట్టుకున్నాం. ఒకటో తారీఖున ఒకసారి, పదిహేనున ఒకసారి ఫిల్టరు కడుగుతాం, కడిగినవాళ్లు గోడ మీది క్యాలెండర్‌లో టిక్కు పెడతరు. ఇంట్లో ఒక్క మిషను వాడేవాళ్లకు నెలకోసారి చాలు. మల్టీమీటరు 300 పెట్టి కొన్నాం, ఒక ప్లయరు, రెండు స్క్రూ డ్రైవర్లు కలిపి డబ్బాలో పెట్టి సమాఖ్య ఆఫీసులో ఇచ్చినం. ఏ సంఘమైనా రిజిస్టర్‌లో రాసి తీసుకుపోవచ్చు. ఒక్కటే షరతు, ప్లగ్గు పీకకుండా ఎవరూ మూత విప్పొద్దు.

పాత పంపు ఈ బల్ల మీద పెట్టినం, ముద్ద తీసేసి కడిగే తెచ్చినం. రెక్కను వేలితో తిప్పి చూడండి, ఆగి ఆగి తిరుగుతది. అట్ల ఆగడం చెడిపోయినట్టు కాదు, లోపల అయస్కాంతం పట్టుకుంటది. ఆ నల్ల ముద్ద కూడా పక్కన కవర్లో ఉంది. చూడాలనుకున్నవాళ్లు భోజనాలకు ముందే చూసుకోండి.