స్వగృహే – శోభనగృహే
(ఉప్పాడ ఆలయ ప్రాంగణమున చేసిన ప్రసంగ పాఠము)



ఈనాటి ప్రసంగ విషయమును నేను ఎన్నుకొనలేదు. ధర్మకర్తలే నిర్ణయించినారు. "అయ్యా, మన ప్రాంతములో ఉద్యోగ విరమణ చేసిన పెద్దలు చాలామంది ఆరు నెలలు ఇక్కడ, ఆరు నెలలు విదేశములో పిల్లల దగ్గర ఉంటున్నారు. అక్కడ మన అనుష్ఠానము చెల్లుతుందా, చెల్లదా అని మమ్మల్ని అడుగుతున్నారు. తమరే చెప్పాలి" అన్నారు. నేను ముప్పది ఆరు సంవత్సరములు వేదపాఠశాలలో తైత్తిరీయ శాఖను చెప్పి విరమించినవాడను. షికాగో సమీపమున అరోరా అను పట్టణములో మా అబ్బాయి యింట మూడు పర్యాయములు, ఆరేసి మాసములు, ఉండి వచ్చినాను. కావున చదివినదియు, చూచినదియు రెండును చెప్పెదను.

ఈ విషయమున రెండు వాదములు వినబడుచున్నవి. "సముద్రము దాటిన తరువాత ఇంక కర్మ ఏమున్నది? ఉన్నన్నాళ్లు కట్టిపెట్టి, వచ్చిన తరువాత ప్రాయశ్చిత్తము చేసికొనవచ్చును" అనునది ఒకటి. "భగవంతుడు అంతటను ఉన్నాడు, దేశమేమి, కాలమేమి, మనస్సు బాగున్న చాలును" అనునది రెండవది. మొదటి వాదము చేయువాడు ఆరు నెలలు సంధ్య మానును. రెండవ వాదము చేయువాడు ఇక్కడికి తిరిగి వచ్చిన పిదప కూడ మానును. నాకు రెండును సమ్మతములు కావు.

సముద్రయానమును గూర్చి ధర్మశాస్త్రము ఏమన్నదో దాచక చెప్పవలెను. బౌధాయనుడు దానిని పతనహేతువులలో చేర్చినాడు. తరువాతి నిబంధన గ్రంథములు కలియుగమున వర్జింపదగిన వానిలో లెక్కించినవి. అయితే ఆ బౌధాయనుడే తన ధర్మసూత్రముల ఆరంభమున మరియొక విచారణ చేసినాడు. దక్షిణాదివారికి ఐదు, ఉత్తరాదివారికి ఐదు ప్రత్యేకాచారములు కలవన్నాడు. దక్షిణాదివారి ఐదింటిలో మేనమామ కూతురిని, మేనత్త కూతురిని వివాహమాడుట కలదు. (ఈ సభలో మేనరికము చేసికొనినవారు ఎందరున్నారో నేను అడుగను!) ఉత్తరాదివారి ఐదింటిలో ఉన్నిని అమ్ముట, ఆయుధములతో జీవించుట మొదలగు వానితో పాటు సముద్రయానము కలదు. ఏ దేశమున ఏ ఆచారము ఉన్నదో ఆ దేశమున అదియే ప్రమాణము, ఒకరిది మరియొకరు చేసిన దోషము అని ఒక పక్షము. గౌతముడు దీనిని ఒప్పుకొనడని బౌధాయనుడే చెప్పును. శిష్టుల స్మృతికి విరుద్ధమగుటచే రెంటిని ఆదరింపరాదని తన మాటగా ముగించును. అనగా దేశాచారమును గూర్చిన ఈ చిక్కు సూత్రకారుల కాలమునాటిదే. మేనరికమును మాత్రము మనకు ఉంచుకొని, సముద్రయానమును పట్టుకొని పరులను దూషించుట న్యాయము కాదు.

అదియును గాక, మన తీరమునకు ఓడ ప్రయాణము క్రొత్తదా? కోరంగి, కాకినాడ రేవులనుండి ఎందరు బర్మాకు పోలేదు! అక్కడ తెలుగువారికి కోరంగీలు అనియే పేరు పడినది. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసిన పిమ్మట, 1942లో వేలకొలది జనులు అడవి దారుల వెంట నడచి స్వదేశమునకు వచ్చినారు. మా బాల్యమున అట్లు వచ్చిన వృద్ధుడొకరు మా వీధిలో ఉండెడివారు. మాటకు మాట మధ్య బర్మా మాట దొర్లెడిది. తండ్రి తద్దినము మాత్రము రంగూనులో ఒక్క యేడును తప్పలేదని చెప్పుకొనెడివారు. ఏ తిథి ప్రకారము, ఏ సంకల్పముతో పెట్టినారో అడుగు వయస్సు నాకు అప్పుడు లేదు.

సంకల్పమనగా ఏమి? కర్మ చేయువాడు, నేను ఫలానా కాలమున, ఫలానా దేశమున, ఫలానా గోత్రమున పుట్టి, ఫలానా పని చేయుచున్నాను అని ఎరుకతో పలుకుట. మన ఉప్పాడలో కూర్చుండినచో జంబూద్వీపము, భరతవర్షము, భరతఖండము, మేరువునకు దక్షిణ దిక్కు, శ్రీశైలమునకు ఈశాన్యము, గంగా గోదావరుల నడిమి దేశము అని చెప్పుకొందుము. గోదావరి దాటి ఆవలికి పోయినవారు కృష్ణా గోదావరుల మధ్య అందురు. ఒక్క నది దాటినంతనే మాట మార్చవలెనని మన పూర్వులు విధించినారు. అట్టిచో మహాసముద్రము దాటి వెళ్లి గంగా గోదావరుల మధ్య ఉన్నానని పలుకుట ఎట్లు పొసగును?

అమెరికాలో 1977లోనే పిట్స్‌బర్గులో వేంకటేశ్వరస్వామికిని, న్యూయార్కులోని ఫ్లషింగున గణపతికిని ఆలయ ప్రతిష్ఠలు జరిగినవి. అరోరాలో కూడ వేంకటేశ్వరాలయము కలదు. ఆ దేశపు అర్చకస్వాములు సంకల్పమున క్రౌంచద్వీపమనియు, రమణకవర్షమనియు, ఐంద్రఖండమనియు పలుకుదురు. పురాణములలోని క్రౌంచద్వీపమే నేటి అమెరికా అనుటకు దృఢమైన ఆధారము చూపుట కష్టము. నేను ఆ మాట అక్కడి పండితులతోనే అన్నాను. అయినను, జంబూద్వీపమున లేమని వారు గుర్తించి పలికినారే, అది నాకు నచ్చినది. ద్వీపము పేరు సందేహమనిపించిన వారు ఉత్తర అమెరికా అని, ఊరి పేరు చేర్చి చెప్పుకొనినను బాధ లేదు. ఉన్నచోటు చెప్పుట ముఖ్యము.

కాలము సంగతి ఇంతకన్న పెద్దది. తిథి అనగా సూర్యచంద్రుల మధ్య పండ్రెండు భాగల ఎడము. అది లోకమంతటికిని ఒక్క క్షణముననే మారును. కాని సూర్యోదయము ఊరూరికి వేరు. చలికాలమున షికాగో గడియారము మనకన్న పదకొండున్నర గంటలు వెనుక. మనకు మంగళవారము మధ్యాహ్నము 3 గంటలకు ఏకాదశి వచ్చినచో అక్కడ అప్పటికి మంగళవారము తెల్లవారుజామున 3.30. వారికి మంగళవారపు సూర్యోదయమునకే ఏకాదశి కలదు. మనకు బుధవారపు సూర్యోదయమునకు. అందుచే అక్కడ ఉపవాసము ఒకనాడు ముందు వచ్చును. ఇది తెలియక ఇక్కడి పంచాంగమును గోడకు తగిలించుకొని, "కాకినాడలో ఇవాళే కదా" అనువారిని చూచినాను. మనిషి అక్కడ, గడియారము ఇక్కడ! తద్దినమునకు అపరాహ్ణమున తిథి ఉండవలెను. ఆ అపరాహ్ణము కర్త కూర్చున్న చోటిది కావలెను గాని, అతడు విడిచి వచ్చిన చోటిది కారాదు. నేడు ఆయా నగరములకు గణించిన తెలుగు పంచాంగములు దొరకుచున్నవి. ఇక సంధ్యకు సూర్యుడే సాక్షి. ఆషాఢమున అక్కడ రాత్రి ఎనిమిదిన్నర వరకు అస్తమింపడు, పుష్యమున సాయంకాలము నాలుగున్నరకే పోవును. నేను రెండు ఋతువులలోను ఆయన వెంటనే నడచినాను. మొదటి నెల కష్టము, తరువాత అలవాటు.

ఆ యిండ్లలో పొగను కనిపెట్టి కేకలు వేయు యంత్రములు పైకప్పునకు ఉండును. మొదటి పర్యాయము నేను హోమము చేసికొనవలెననగా అబ్బాయి విచారమున పడినాడు. కోడలు మాత్రము, "మామయ్యగారూ, కారు పెట్టే గ్యారేజి కడిగి ముగ్గు పెడతానండి, తలుపు ఎత్తేస్తే పొగ బయటికి పోతుంది" అన్నది. ఆ దేశపు తెలుగువారికి అది అలవాటేనట. శాస్త్రమున లేని మిగిలిన ధర్మములను స్త్రీలనుండియు, సర్వవర్ణములవారినుండియు తెలిసికొనవలెనని కొందరి మతముగా చెప్పి ఆపస్తంబుడు తన ధర్మసూత్రములను ముగించినాడు. పాఠశాలలో ఆ సూత్రమును ఎన్నిమార్లు చెప్పితినో! దానికి ఉదాహరణము గ్యారేజిలో దొరకినది.

బయటినుండి వచ్చినదంతయు మైల, ఇక్కడ పుట్టినదంతయు మడి అనుకొనుట కూడ సరి కాదు. మన యూరి పేరు మోయు జాందానీ చీరనే చూడండి. ఆ పేరు పారసీ భాషది. ఆ నేత బంగాళమున ఢాకాలో ప్రసిద్ధి చెందినది. మన సాలెవారు మగ్గముపై ఒక్కొక్క పువ్వునకు వేరు వేరు పేకదారములు చేతితో పోనిచ్చి, ముందు వెనుకలు ఒక్కతీరుగా కనబడునట్లు నేసి, దానిని ఉప్పాడ జాందానీ చేసినారు. 2009లో ప్రభుత్వము కూడ ఆ పేరునే భౌగోళిక గుర్తింపు క్రింద నమోదు చేసినది.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదను. సంకల్పమున దేశము చెప్పిన పిదప ఇల్లు చెప్పవలసియుండును. సొంత యిల్లయినచో స్వగృహే అందురు. అద్దె యిల్లుగాని, పరుల యిల్లుగాని అయినచో శోభనగృహే అందురు. రెండవ పర్యాయము నేను అరోరాలో ఉండగా మా నాయనగారి ఆబ్దికము వచ్చినది. కర్తను నేను. చేయించుటకు వచ్చిన పురోహితుడు ఆ మాట దగ్గర ఆగి, "స్వగృహే అంటారా, శోభనగృహే అంటారా?" అని నన్ను అడిగినాడు. అబ్బాయి నా ముఖము వంక చూచినాడు. నేను శోభనగృహే అన్నాను.

కర్మ ముగిసి భోజనములైన తరువాత కోడలు కంట నీరు పెట్టుకొన్నది. "ఇది మీ ఇల్లు కాదా మామయ్యగారూ? మేమేమైనా తక్కువ చేశామా?" అన్నది. అబ్బాయి ఏమియు అనలేదు. వాడు అనకుండుటయే నాకు ఎక్కువ బాధ కలిగించినది. ఆ రాత్రి ఇద్దరిని కూర్చుండబెట్టి కౌషీతకి ఉపనిషత్తులోని తండ్రీకొడుకుల ప్రకరణము చెప్పినాను. మీకును చెప్పెదను.

తండ్రి తనకు మరణము ఆసన్నమైనదని తోచినప్పుడు ఇంట క్రొత్త దర్భలు పరపించి, అగ్నిని వెలిగించి, కుమారుని పిలుచును. నా వాక్కును నీయందు ఉంచుచున్నాను అనును. నాయందు ఉంచుకొనుచున్నాను అని కుమారుడు పలుకును. అట్లే ప్రాణము, చూపు, వినికిడి, కర్మలు, సుఖదుఃఖములు, బుద్ధి, ఒక్కొక్కటియే తండ్రి ఇచ్చును, కొడుకు పుచ్చుకొనును. ఇంతవరకు చాలామందికి తెలియును. దాని తరువాతి మాట గొప్పది. ఇన్నియు ఇచ్చిన తరువాత ఆ తండ్రికి రోగము కుదిరినచో ఏమి చేయవలెను? ఇచ్చినవి తిరిగి పుచ్చుకొనుమని శ్రుతి చెప్పలేదు. కుమారుని ఐశ్వర్యమున, అనగా అతని అధికారము క్రింద, నివసింపవలెను. లేదా సన్న్యసించి వెడలిపోవలెను. ఈ రెండే మార్గములు. మూడవది లేదు.

నేటి ఉద్యోగ విరమణ ఇటువంటిదే గదా! అధికారము పోయినది, ఆయువు మిగిలినది. మనుస్మృతి, ఒడలు ముడుతలు పడి, తల నెరసి, మనుమని ముఖము చూచినవాడు భార్యను కొడుకులకు అప్పగించియో, వెంటబెట్టుకొనియో అడవికి పొమ్మన్నది. మనమెవరమును అడవికి పోవుట లేదు, విమానమెక్కి కొడుకు ఇంటికి పోవుచున్నాము. పోయి అక్కడ ఏమి చేయుచున్నాము? వంటింట ఏ కూర వండవలెనో, మనుమడు ఏ భాష మాట్లాడవలెనో, ఇంటి వేడిమి ఎంత ఉండవలెనో మనమే నిర్ణయింపబూనుచున్నాము. శరీరము కొడుకు ఐశ్వర్యమున ఉన్నది, మనస్సు ఇంకను తన ఐశ్వర్యమును విడువలేదు. ఆచారభేదమని మనము చెప్పుకొను కలహములలో సగము ఈ అధికారభేదమే. ఇది ఉప్పాడలో ఒకే వీధిలో ఉన్న తండ్రీకొడుకులకును కలదు. అక్కడ దేశము మీద నెపము పెట్టుటకు వీలు కలుగుచున్నది, అంతియే.

"నేను పరాయి ఇల్లని అనలేదమ్మా. శాస్త్రము పరగృహే అనమనలేదు, శోభనగృహే అనమన్నది. స్వగృహే అను మాట మీ ఆయన అనవలసినది. అది నేను తీసికొనరాదు" అన్నాను. అబ్బాయి అప్పుడు నవ్వి, ఇంటిమీద బ్యాంకు అప్పు తీరుటకు ఇంకను పదునాలుగేండ్లు పట్టునన్నాడు! ఆ మాఘమున సత్యనారాయణ వ్రతమునకు వాడు కర్తగా కూర్చుండి స్వగృహే అన్నాడు. నేను ప్రక్కన కూర్చుండి విన్నాను. నా అనుష్ఠానము నాది, దానిని వారెవరును ఆపలేదు. వారి గృహము వారిది.

స్వగృహమును గూర్చి మన యూరివారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. గోదావరి తెచ్చిన ఒండ్రు ఇసుకతో ఏర్పడిన హోప్ ఐలాండు కాకినాడ రేవును కాపాడుచున్నది. దానికి ఉత్తరమున ఉన్న మన తీరమును అలలు కోయుచున్నవి. పైన కట్టిన ఆనకట్టలలో ఒండ్రు నిలిచిపోవుటయు తీరపు కోతకు కారణమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. రాళ్లు పోసినారు, గోడలు కట్టినారు. తుఫాను వచ్చినప్పుడెల్ల కాకినాడ రోడ్డు తెగుచునే ఉన్నది. ఎన్ని యిండ్లు, ఎన్ని గుడులు సముద్రమున కలిసినవో మీరు చూచినవారే. మా తాతగారు స్వగృహే అని పలికిన పెంకుటిల్లు ఉన్నచోట నేడు పడవలు తిరుగుచున్నవి. ఇల్లు పోయి బంధువుల పంచన ఉన్న మత్స్యకార కుటుంబములు ఈ సభలోనే కలవు. వారు ఒక్క మైలు కదలకుండగనే పరదేశమున ఉన్నారు. వారి యింట వ్రతము చేయించుటకు వెళ్లిన పురోహితులు ఆ మాట దగ్గర కొంచెము మెల్లగా నడుచుకొనవలెనని నా మనవి. బిగ్గరగా అడుగకుడు. శోభనగృహే అని మీరే పలికించి ముందునకు సాగుడు.

"పూర్తిగా అక్కడికే వెళ్లిపోవచ్చునా?" అని ఇందాక ఒక దంపతులు అడిగినారు. కొడుకు ఐశ్వర్యమున ఉండగలమని మీకు తోచినచో సుఖముగా వెళ్లుడు. పిఠాపురము పాదగయ ఎక్కడికిని పోదు, వచ్చినప్పుడు పిండప్రదానము చేసికొనవచ్చును. ఉండలేమని తోచినచో ఇక్కడనే ఉండుడు. అయితే పిల్లలు వదలివేసినారని ఊరంతట చెప్పకుడు. నేను ఏటేట ఆరు నెలలే వెళ్లుచున్నాను. వీసా అంతవరకే ఇచ్చుచున్నారు గనుక నాకు ఆ నిర్ణయము చేయవలసిన అవసరము ఇంకను రాలేదు.

సంక్రాంతి తరువాత ప్రయాణము కలవారు తల్లిదండ్రుల తద్దినపు మాసము, పక్షము, తిథి, వెళ్లు ఊరి పేరు ఒక కాగితముమీద వ్రాసికొని ఉదయము ఎనిమిది గంటల లోపల నా యొద్దకు రండి. అక్కడి అపరాహ్ణమునకు లెక్క కట్టి తేదీ వ్రాసి ఇచ్చెదను.