పాత బండి, దూర ప్రయాణం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. నన్ను మాత్రం మోటారు సైకిలు గురించి చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. కొందరు నవ్వుతున్నారు. నవ్వండి, తప్పులేదు. నాకు 74 ఏళ్ళు. నీటిపారుదల శాఖలో సీనియర్ అసిస్టెంటుగా 2008లో పదవీ విరమణ చేశాను. ఎనిమిదేళ్ళు స్కూటరుతో సరిపెట్టుకుని, 2016లో ఒక పాత క్రూయిజర్ బండి కొన్నాను. అప్పటి నుంచి నేనూ మా ఇంటావిడా దాని మీద శ్రీశైలం, అరకు, హంపి, రామేశ్వరం చూసి వచ్చాం. కాబట్టి నేను చెప్పేది పుస్తకంలో చదివింది కాదు.

అయినా నన్ను పిలవడానికి అసలు కారణం అది కాదని నాకు తెలుసు. మన సభ్యులలో ఒకరు, పేరు చెప్పను, గ్రాట్యుటీ డబ్బుతో 190 కిలోలు దాటిన బండి కొన్నారు. నాలుగో నెలలో ఒక గుడి ముందు వాలులో బండి ఆపి కాలు దింపారు. కాలి కింద కంకర జారింది, బండి ఆయన మీదికి ఒరిగింది. తుంటి ఎముక విరిగి ఆపరేషను చేయించుకున్నారు, నాలుగు నెలలు మంచం మీద ఉన్నారు. అప్పుడు బండి వేగం ఎంతో తెలుసా? సున్నా. ఆ సంగతి విన్నాక చాలామంది ఇళ్ళలో పిల్లలు "నాన్నా, ఇక బండి వద్దు" అని మొదలుపెట్టారు. మా ఇంట్లోనూ ఆ మాట వచ్చింది. పిల్లల భయం న్యాయమైనదే. దానికి మనం చెప్పగలిగిన జవాబు బండిని ఎంచుకోవడంలో ఉంది గానీ, వాదించడంలో లేదు.

మనలో చాలామందికి బుల్లెట్ అంటే మోజు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎస్.ఐ.గారూ, ఇంజనీరుగారూ దాని మీద వస్తుంటే వీధి చివర నుంచే చప్పుడు వినిపించేది. 1955 నుంచి మద్రాసులో తయారైన బండి, సైన్యానికీ పోలీసులకూ వెళ్ళిన బండి. గౌరవించవలసిందే. కానీ బుల్లెట్ వేరు, క్రూయిజర్ వేరు. క్రూయిజర్ అంటే సీటు బాగా కిందికి ఉండి, హ్యాండిల్ మన వైపుకు వచ్చి, కాళ్ళు ముందుకు చాచి కూర్చునే బండి. చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి తిన్నని రోడ్డు మీద నిలకడగా పోతుంది. మన దేశంలో ఈ జాతి బళ్ళు నలుగురికీ అందుబాటులోకి వచ్చింది 2000 తర్వాతే. 2001లో బజాజ్ వారి ఎలిమినేటర్, 2002లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి థండర్‌బర్డ్, 2005లో బజాజ్ అవెంజర్ వచ్చాయి. అవెంజర్ 220 సి.సి. 2010లో వచ్చింది. థండర్‌బర్డ్ 2020లో ఆగిపోయి దాని స్థానంలో మీటియర్ వచ్చింది. పాత బళ్ళ బజారులో మనకు ఎక్కువగా కనిపించేవి ఇవే.

నేను 2012 మోడల్ అవెంజర్ 220 తీసుకున్నాను. 48 వేలు పడింది. థండర్‌బర్డ్ కూడా చూశాను, నడిపాను. 20 లీటర్ల ట్యాంకు, మంచి లాగుడు, కూర్చుంటే జమీందారులా ఉంటుంది. కానీ అది 190 కిలోల పైమాట, అవెంజర్ సుమారు 155. తేడా 35 కిలోలు. అంటే ఒక పాతిక కిలోల బియ్యం బస్తా, దాని మీద ఇంకో పది కిలోలు. నడుస్తున్నప్పుడు ఆ బస్తా తెలియదు, ఆపినప్పుడు తెలుస్తుంది. అందుకే బండిని నడిపి చూడడానికి ముందు నిలబెట్టి చూడాలంటాను. సీటు మీద కూర్చుంటే రెండు మడమలూ నేలకు ఆనాలి, వేళ్ళు ఆనితే చాలదు. సైడ్ స్టాండు మీంచి ఐదుసార్లు లేపండి. ఇంజను ఆపి, కూర్చునే కాళ్ళతో నెట్టుకుంటూ పది అడుగులు వెనక్కి తీసుకెళ్ళండి. కొంచెం ఎగువకు తోసి చూడండి. ఐదోసారికి ఊపిరి ఆడకపోతే ఆ బండి మనది కాదు, ఎంత చవకైనా సరే. తర్వాత వెనక కూర్చోవలసిన మనిషిని కూర్చోబెట్టి మళ్ళీ చూడండి. అమ్మేవాళ్ళు మనల్ని ఎక్కించి రోడ్డు మీదికి పంపాలని తొందర పడతారు. రోడ్డు మీద అన్ని బళ్ళూ బాగానే ఉంటాయి.

ఇక ఇంజను. పాత బండి చూడడానికి పొద్దున్నే వెళ్ళాలి. వెళ్ళగానే మాటలు మొదలుపెట్టకుండా ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు వచ్చేలోపు ఎవరో స్టార్టు చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజను ఎలా లేస్తుందో, లేచాక నీలం పొగ వస్తుందో లేదో, అక్కడే సగం జాతకం తెలుస్తుంది. హ్యాండిల్ అటూ ఇటూ మెల్లగా తిప్పితే మధ్యలో ఎక్కడో కట్టుకున్నట్టు ఆగితే కోన్ సెట్ పోయింది. ముందు ఫోర్కుల మీద నూనె జిడ్డు, స్ప్రాకెట్ పళ్ళు కొక్కేల్లా వంగి ఉండడం, ఇవన్నీ ఖర్చు లెక్కలోకి వస్తాయి, బేరంలోకి కూడా వస్తాయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 2315 అని ఉంటే 2015లో 23వ వారం తయారైంది అని అర్థం. గాట్లు బాగానే ఉన్నా ఆరేళ్ళు దాటిన టైరుతో దూరం పోకూడదు. మీటరులో 18 వేలు చూపిస్తూ, ఫుట్‌రెస్టు రబ్బరు అరిగి ఇనుము కనిపిస్తుంటే మీటరును నమ్మకండి, రబ్బరును నమ్మండి.

కాగితాల దగ్గర మనల్ని మోసం చేయగలిగినవాడు ఇంకా పుట్టలేదు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఆర్.సి. అంటే బండి సర్వీస్ రిజిస్టరు. ఇంజను నంబరు, చాసిస్ నంబరు బండి మీద చదివి అందులోవాటితో అంకె అంకె సరిచూడాలి. ఫైనాన్సులో కొన్న బండి అయితే ఫారం 35 మీద హైపోథికేషన్ కొట్టేయించి ఉండాలి. యాజమాన్య మార్పిడికి ఫారం 29, ఫారం 30. వేరే రాష్ట్రం బండికి ఎన్.ఓ.సి. కావాలి, అది ఫారం 28, మన బదిలీలలో ఎల్.పి.సి. లాంటిది. అది లేకుండా జీతం వచ్చేదా? సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు, తర్వాత అయిదేసి ఏళ్ళకు పొడిగిస్తారు. కమ్యుటేషన్ లెక్క కూడా 15 ఏళ్ళే కాబట్టి మనకు గుర్తుండిపోతుంది. నా బండికి 2027లో నిండుతాయి.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. చాలామంది బండి కొడుకు పేర కొని తాము నడుపుతారు. బీమాలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద రక్షణ ఉంటుంది చూశారా, అది ఎవరి పేర ఆర్.సి. ఉందో, ఎవరికి లైసెన్సు ఉందో ఆ యజమానికే వర్తిస్తుంది. నడిపేది మీరైతే బండి మీ పేరనే ఉండాలి. కొన్న 14 రోజులలోగా బీమా పేరు మార్పుకు దరఖాస్తు పెట్టాలి. 55 దాటినవారికి లైసెన్సు అయిదేళ్ళకు ఒకసారే పునరుద్ధరిస్తారు, డాక్టరుగారి ఫారం 1ఎ ఉండాలి. మన లైఫ్ సర్టిఫికెట్టు బతికి ఉన్నామని చెబుతుంది, ఇది నడపగలమని చెబుతుంది. రెండోదాన్ని కూడా మొహమాటం లేకుండా పరీక్ష చేయించుకునే తీసుకోండి, తెలిసిన డాక్టరు గదా అని సంతకం పెట్టించుకోకండి.

బండి ఇంటికి వచ్చాక దాన్ని మనకు తగినట్టు మార్చుకోవాలి. ఇక్కడే కుర్రవాళ్ళకూ మనకూ దారులు వేరు. మా మెకానిక్ కుర్రవాడు మొదటిరోజే "బాబాయిగారూ, సైలెన్సరు మార్చేద్దాం, సౌండు అదిరిపోద్ది" అన్నాడు. నాకు మందుల షాపులో చెప్పిందే సరిగా వినబడదు, ఇక ఆ సౌండు ఎవరికోసం? పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్.సి.లో రాసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే చెప్పింది. ఇంజను, ఫ్రేము జోలికి పోవద్దు. రంగు మార్చినా ఆర్.సి.లో రాయించాలి. శారీ గార్డు అందంగా లేదని పీకేస్తారు కొందరు. వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని నిబంధనే ఉంది. చీర కొంగు చక్రంలో పడితే ఏమవుతుందో మనం చూడనిది కాదు.

ముందుగా సీటు. క్రూయిజర్ మీద కాళ్ళు ముందుకు ఉంటాయి కాబట్టి గతుకు వచ్చినప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడడం కుదరదు. దెబ్బంతా నేరుగా వెన్నుపూస అడుగుకు తగులుతుంది. వెనక షాకులు కూడా ఈ జాతి బళ్ళకు పొట్టిగా ఉంటాయి. అందువల్ల మెత్తటి సీటు మేలనుకుంటారు. నిజానికి మెత్తటి ఫోమ్ గంటలో అణిగిపోయి అడుగున రేకు తగులుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక సీటు మేస్త్రీ అడుగున గట్టి ఫోమ్, పైన రెండంగుళాలు మెత్తనిది వేసి, నన్ను అరగంట కూర్చోబెట్టి, దర్జీ కొలతలు తీసినట్టు సుద్దతో గీసి, వెన్నుపూస ఆనేచోట గాడి కోశాడు. పైన జారని రెక్సిన్ వేశాడు. 3,500 తీసుకున్నాడు. బండి మీద నేను పెట్టిన ఖర్చులన్నిటిలోకీ అదే ఉత్తమం. మా ఇంటావిడ వెనక ఉన్న ఆనుడు దిండును కూడా నాలుగంగుళాలు ఎత్తించాం. అంతకుముందు అది నడుముకు తగిలి పొడిచేదట. ఆ మాట ఆవిడ చెప్పింది మేస్త్రీకి, నాకు కాదు.

గాలికి అడ్డంగా విండ్‌షీల్డు పెట్టించాను. దాని పై అంచు మన కంటికి కాస్త దిగువన ఉండాలి. దాని మీదుగా చూడాలి, దానిలోంచి కాదు. వానలో, రాత్రి ఎదుటి దీపాల వెలుగులో దానిలోంచి ఏమీ కనబడదు. మరీ పెద్దది వద్దు. రామేశ్వరం వెళ్ళేటప్పుడు పాంబన్ రోడ్డు వంతెన మీద పక్కగాలి బండిని తోసింది. విండ్‌షీల్డు తెరచాపలా పనిచేస్తుందని అక్కడ అర్థమైంది. 30 మీద నెమ్మదిగా దాటాం. వెనక నుంచి విష్ణు సహస్రనామం వినిపిస్తూనే ఉంది.

సంచులు రెండు పక్కలా సమాన బరువుతో, వీలైనంత కిందుగా, సైలెన్సరుకు తగలకుండా, లోపల ఇనుప స్టే వేయించి కట్టాలి. సామాను మొత్తం 10 కిలోలు దాటనివ్వను. ముందు లెగ్ గార్డు గట్టిది వేయించండి. బండి ఒరిగితే కాలు కింద పడకుండా కాపాడేది అదే. దీపాలు మార్చాలంటే రిలే పెట్టించి, విడిగా ఫ్యూజు వేయించాలి. పాత వైర్ల మీదే ఎక్కువ వాట్ల బల్బు పెడితే వైరు కాలుతుంది. అసలు నేను చీకటి పడ్డాక నడపను, కాబట్టి ఆ ఖర్చు నాకు లేదు. కళ్ళకు శుక్లాల ఆపరేషన్లు అయినవారు కూడా అలాగే చేస్తే మంచిది. నా బండికి కిక్కు లేదు, సెల్ఫ్ స్టార్టే. అందువల్ల పెద్ద ప్రయాణానికి ముందు బ్యాటరీ చూపించి తీరతాను. క్లచ్ కేబుల్ కొత్తది ఒకటి పాతదాని పక్కనే వేసి టేపు చుట్టించాను. తెగితే రెండు కొసలు మార్చుకుంటే చాలు, పావుగంట పని. చువ్వల చక్రాలకు ట్యూబులు ఉంటాయి గనుక ముందుదొకటి, వెనకదొకటి సంచిలో ఉండాలి.

ఇన్ని మార్చినా మారనిది మన శరీరం. రోజుకు 250 కిలోమీటర్లు మించను. ప్రతి 60, 70 కిలోమీటర్లకు ఆగుతాను. ఎందుకో మన వయసు మగవారికి వివరించనక్కరలేదు. షుగరు మాత్ర వేసుకుని తినకుండా బయలుదేరడం తాగి నడపడంతో సమానమే. రాజమండ్రి నుంచి రామేశ్వరానికి వెళ్ళడానికే 6 రోజులు పట్టింది. మా అబ్బాయి కారులో అయితే రెండు రోజులన్నాడు. ఉండవచ్చు. శ్రీశైలం దారిలో రాత్రివేళ అటవీ చెక్‌పోస్టుల దగ్గర బళ్ళు ఆపేస్తారు, కాబట్టి నల్లమల దాటేది పగలే. మాకు అభ్యంతరం లేదు.

హెల్మెట్టు ఇద్దరికీ తప్పనిసరి. మా ఇంటావిడకు ముడి మీద హెల్మెట్టు ఎక్కక ఒక పూట పెద్ద చర్చ జరిగింది. చివరికి ప్రయాణాలలో జడ, పంజాబీ డ్రస్సు ఖాయమయ్యాయి. పెళ్ళయిన 40 ఏళ్ళకు ఆవిడ జడ వేసుకుంటే నాకు బాగానే అనిపించింది, ఆ సంగతి ఇక్కడ చెప్పవద్దంది.

పిల్లలకు నేను ఇచ్చిన మాట ఇది. ప్రతి సంవత్సరం నా పుట్టినరోజున వాళ్ళ ఎదుటే, ఆవిడ వెనక కూర్చుని ఉండగా, బండిని సైడ్ స్టాండు మీంచి లేపి నిలబెడతాను. లేపలేకపోయిన రోజున తాళం మా అబ్బాయి చేతికి ఇస్తాను, వాదన ఉండదు. క్రితం పుట్టినరోజుకు లేపాను. మొదటిసారికే లేచిందని మా మనవడు సాక్ష్యం.

కార్యదర్శిగారు గంట చూస్తున్నారు. ఎవరైనా పాత బండి కొనదలచుకుంటే చూడడానికి తోడు వస్తాను, ఆదివారాలు ఖాళీయే. అయితే పొద్దున్న ఏడుకల్లా అమ్మేవారి గుమ్మంలో ఉండాలి. మనం వస్తున్నట్టు ముందుగా ఫోను చేయకండి, వాళ్ళు ఇంజను వేడి చేసి ఉంచుతారు.