ముందు అంకె చూడండి

ఇవాళ పట్టా అందుకుంటున్న నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ పిల్లలకూ, వెనక వరసల్లో కూర్చున్న వాళ్ల అమ్మానాన్నలకూ శుభాకాంక్షలు. ఈ బ్యాచ్‌లో రైల్వే కాలనీల తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు, తెలుగులోనే మాట్లాడండి అన్నారు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వచ్చి బిలాస్‌పూర్‌లో ఉండిపోయిన కుటుంబాలు మీవి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, వార్డులో హిందీ. రోగి తన బాధను ఏ భాషలో చెప్పుకున్నా మీకు అర్థమవుతుంది. కానీ నోరు తిరగని రోగి సంగతేమిటి? ఇవాళ అతని గురించే మాట్లాడతాను.

ఈ హాలు దాటితే వ్యాపార్ విహార్ హోల్‌సేల్ గోదాములు. పొద్దున్న టీ తప్ప ఏమీ పడని కడుపుతో బస్తాలు మోస్తున్న ఒక హమాలీని ఊహించుకోండి. చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయింది. బీడీ వెలిగించబోతే అగ్గిపుల్ల గీయలేనంతగా వేళ్లు వణుకుతున్నాయి. గుండె దడ. పేరడిగితే విసుక్కుంటున్నాడు. చుట్టూ మూగినవాళ్లలో ఒకడు ఎండదెబ్బ అంటాడు, ఇంకొకడు తాగాడంటాడు, మూడోవాడు బీపీ డౌన్ అంటాడు. షుగర్ చూద్దామంటే, "వీడికి షుగర్ జబ్బు లేదండీ" అని అందరూ ఒక్క గొంతుతో అంటారు.

షుగర్ జబ్బు లేనివాళ్లకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం అరుదు, ఆ మాట నిజమే. మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజ్ కావాలి. కాలేయంలో ఉండే నిల్వ దాదాపు 100 గ్రాములు. రాత్రంతా ఆ నిల్వ కరుగుతుంది, అది తగ్గేకొద్దీ శరీరం కొవ్వును కాలుస్తూ కొత్త గ్లూకోజ్ తయారు చేసుకుంటుంది. అందుకే ఏకాదశి ఉపవాసం ఉన్న మామ్మ మర్నాడు లేచి తులసికోట చుట్టూ తిరగగలుగుతుంది. ఈ ఏర్పాటులో ఎక్కడో దెబ్బ తగిలితేనే షుగర్ అంకె కిందికి జారుతుంది. 70 దిగువకు వచ్చేసరికి చెమట, వణుకు, దడ, ఆకలి మొదలవుతాయి. అవి శరీరం వేసే కేకలు. 55 దాటి ఇంకా దిగితే మెదడే తడబడుతుంది: మాట ముద్దగా రావడం, చూపు మసకబారడం, తిక్క, మగత, చివరికి ఫిట్స్.

న్యూయార్క్ సర్జన్ అలెన్ విపుల్ క్లోమగ్రంథిలో ఇన్సులిన్ గడ్డలకు ఆపరేషన్లు చేసేవాడు. ఎవరి పొట్ట కోయాలో తేల్చుకోవడానికి 1938లో మూడు షరతులు పెట్టాడు. లక్షణాలుండాలి. ఆ లక్షణాలున్న సమయంలోనే రక్తంలో చక్కెర తక్కువగా ఉండాలి. చక్కెర ఎక్కించగానే అవి పోవాలి. ఇన్నేళ్లయినా దీనికి మించిన కొలబద్ద రాలేదు. ఆ గడ్డలు చాలా అరుదు, నిజమే. కానీ పొద్దున్నే వింతగా మాట్లాడి, టిఫిన్ తిన్నాక మామూలు మనిషైపోయేవాణ్ని ఏళ్ల తరబడి భూతవైద్యుడి దగ్గరికో, మూర్ఛ మాత్రలకో తిప్పిన కుటుంబాలు ఉంటాయి.

అసలు పాఠం బిహార్‌లోని ముజఫర్‌పూర్‌ది. 1995 నుంచీ అక్కడ లిచీ పళ్ల కాలంలో పిల్లలు రాత్రి బాగానే పడుకుని, తెల్లవారుజామున ఫిట్స్‌తో లేచేవారు. జనం చమ్కీ బుఖార్ అన్నారు, డాక్టర్లు మెదడువాపు అన్నారు. వైరస్ కోసం వెతికారు, పురుగుమందుల కోసం వెతికారు. 2014లో మే 26 నుంచి జూలై 17 దాకా రెండు ఆస్పత్రుల్లో 390 మంది పిల్లలు చేరారు, 122 మంది పోయారు. మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా సీడీసీ కలిసి పరిశోధించాయి. చేరగానే షుగర్ చూసిన 327 మందిలో 204 మందికి అది 70కి మించలేదు. లిచీలో హైపోగ్లైసిన్ అనే పదార్థం ఉంది. అది కొవ్వు కాలకుండా, కొత్త గ్లూకోజ్ తయారవకుండా అడ్డుపడుతుంది. బాగా తిని పడుకున్న పిల్లవాడికి అది అంతగా తెలియకపోవచ్చు. పగలంతా తోటలో రాలిన కాయలు తిని, రాత్రి అన్నం తినకుండా నిద్రపోయిన బక్కపిల్లవాడికి కాలేయంలో నిల్వే లేదు, కొత్తది తయారయ్యే దారీ మూసుకుపోయింది. 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన ఆ వ్యాసం చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి రాత్రి అన్నం పెట్టమని, ఇంకొకటి ఫిట్స్‌తో వచ్చిన బిడ్డకు వెంటనే షుగర్ సరిచేయమని. లిచీ పండును తిట్టి లాభం లేదు. ఆ పిల్లలు తినని అన్నం గురించి అడగాలి.

మన చుట్టూ కూడా షుగర్ పడిపోవడానికి దారులు తక్కువేమీ లేవు. మహువా సారా ఖాళీ కడుపుతో తాగినవాడి కాలేయం కొత్త గ్లూకోజ్ తయారుచేయలేదు. అందుకే వాసన వస్తోంది కదా, మత్తు దిగుతుందిలే అని మూలన పడుకోబెట్టకండి. బస్తర్ నుంచి వచ్చే ఫాల్సిపారం మలేరియాలో షుగర్ పడిపోతుంది, దానికిచ్చే క్వినైన్ కూడా పడగొడుతుంది. తాతగారి గ్లిమెపిరైడ్ మాత్ర ఒక్కటి మింగిన పసివాడు గంటల తర్వాత కూడా కుప్పకూలవచ్చు. "ఇంట్లో ఎవరైనా షుగర్ మాత్రలు వాడుతున్నారా?" అన్న ప్రశ్న ఇంజెక్షన్ కంటే ముందు రావాలి.

ల్యాబ్ పిల్లలకు ఒక మాట. రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి ఇచ్చినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. కొలత పట్ల ఆ పట్టుదల మీకూ కావాలి, ఎందుకంటే అబద్ధపు తక్కువ షుగర్ ల్యాబ్ బల్ల మీదే పుడుతుంది. మామూలు ట్యూబ్‌లో తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా వదిలేస్తే ఎర్రకణాలు గంటకు ఐదారు శాతం చక్కెర తినేస్తాయి. మూడు గంటలు అలాగే ఉంచితే 80 ఉన్నది 70 దిగువకు వస్తుంది, బాగున్న మనిషి రోగి అవుతాడు. ఫ్లోరైడ్ ఉన్న బూడిదరంగు మూత ట్యూబ్ వాడండి, త్వరగా తిప్పండి. గ్లూకోమీటర్ 60 అంటే అది 75 కావచ్చు, 45 కూడా కావచ్చు. అనుమానం ఉంటే సిరలోంచి రక్తం తీసి ల్యాబ్‌కు పంపండి. కానీ రిపోర్టు వచ్చేదాకా రోగిని ఆపకండి.

రెండోవైపు తప్పు కూడా మనదే. నీరసం అనగానే "ఒక సెలైన్ పెట్టేయండి" అని అడిగే అలవాటుకు పెట్టేవాళ్లు కూడా బాధ్యులు. అరలీటరు ఐదు శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాల పంచదార. సూది గుచ్చకుండా గ్లాసులో కలిపి ఇచ్చినా అంతే. కళ్లు తిరిగినవాళ్లందరికీ షుగర్ పడలేదు. రక్తహీనత, వడదెబ్బ, ఆందోళన, అన్నీ అలాగే కనిపిస్తాయి. అంకె లేకుండా "లో షుగర్" అని పేరు పెడితే ఆ పేరు ఆ మనిషిని పదేళ్లు వెంటాడుతుంది, పర్సులో బిస్కెట్ ప్యాకెట్‌తో సహా.

నిజంగా పడిపోయినవాడు మింగగలిగితే 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, పావుగంటకు మళ్లీ చూడండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ సిరలోకి వెళ్లాలి. తాగినవాడికి థయమిన్ మర్చిపోవద్దు. కాలేయం ఖాళీ అయినవాడికి గ్లూకగాన్ పనిచేయదు. తేరుకున్నాడని పంపేయకండి, మాత్ర వల్ల పడిన షుగర్ మళ్లీ పడుతుంది.

చివరిగా కేస్‌షీట్ గురించి. పడిపోయిన వేళ, అప్పటి అంకె, ఆఖరిసారి తిన్న వేళ, ఏం తిన్నాడు, గ్లూకోజ్ ఇచ్చాక అంకె, తేరుకున్నాడా లేదా, ఇవన్నీ రాయండి. ఇక్కడి నుంచి రాయ్‌పూర్‌కి పంపినప్పుడు అక్కడి డాక్టరుకు కనిపించేది మామూలు షుగర్‌తో నవ్వుతూ కూర్చున్న మనిషి. అతనికి రాత్రి రెండింటికి ఏమైందో చెప్పేది మీరు రాసిన కాగితం ఒక్కటే.