శనివారం పూట పుట్టిన జట్టు



1931 సెప్టెంబరులో గాంధీగారు ఇంగ్లండులోని డార్వెన్ నూలుమిల్లు స్త్రీల మధ్య నిలబడ్డ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు సంగతి చెబుతాను.

1850 ఫ్యాక్టరీ చట్టంతో ఆడవాళ్లకూ, పిల్లలకూ శనివారం రెండు గంటలకే పని ఆగింది. వాళ్లు లేనిదే మిల్లు నడవదు గనుక మగవాళ్లకూ ఆ పూట దక్కింది. ఆట పెరిగింది ఆ పూటలోనే. డార్వెన్ క్లబ్బు 1870లో పుట్టింది.

1879లో ఎఫ్.ఎ. కప్పు క్వార్టర్ ఫైనల్, లండన్‌లో. ఎదుట ఓల్డ్ ఈటోనియన్లు, అంటే దొరబిడ్డల బడిలో చదివినవాళ్లు. 5-1తో వెనకబడిన మనవాళ్లు చివరి పావుగంటలో నాలుగు గోల్స్ కొట్టి సమం చేశారు! అదనపు సమయం ఆడదామంటే దొరలు ఒప్పుకోలేదు. రెండో మ్యాచీ లండన్‌లోనే, 2-2. మూడోదీ అక్కడే. రెండు వందల మైళ్ల ప్రయాణం. ఊరివాళ్లు చందాలేసి పంపారు. పోయిన కూలి ఎవరిస్తారు? మూడోసారి 6-2తో ఓడారు. కాళ్లే కాదు, జేబులూ అలసిపోయాయంటాను నేను.

తర్వాత డార్వెన్ 1891లో పెద్ద లీగులో చేరింది. 1898-99లో వరసగా 18 మ్యాచీలు ఓడి బయటికొచ్చి, చిన్న పోటీల్లోనే శతాబ్దం పైగా ఆడింది. 2009లో మూతపడితే అదే ఏడు ఎ.ఎఫ్.సి. డార్వెన్ పేరుతో మళ్లీ లేచింది.

అన్నట్టు, 1883 ఫైనల్లో అదే ఈటోనియన్లను 2-1తో ఓడించింది పక్క ఊరి బ్లాక్‌బర్న్ ఒలింపిక్. ఆ జట్టులో నేతగాళ్లున్నారు.