పాత ప్రార్థనాలయమును కాపాడుకొనుట



భద్రాచలమునకు ఎగువన గోదావరి యొడ్డున గల దుమ్ముగూడెము మీరెరిగిన గ్రామమే. నదిపై పడవలు నడుపుటకు సర్ ఆర్థర్ కాటన్ తలపెట్టిన పథకమున అచ్చట ఆనకట్టయు, లాకులును కట్టిరి. ఆ పనులు 1871లో ఆగిపోయినవి. కాని ఆ పనులు నడపిన ఇంజనీరు హెయిగ్ దొర ప్రోత్సాహమున 1860లో కోయల నడుమ మొదలైన క్రైస్తవ సేవ ఆగలేదు. ఆ పనుల కచేరీలో ఉద్యోగియైన వెంకటరామరాజు దానికి తొలి సేవకుడు. తరువాత వచ్చిన జాన్ కెయిన్ కోయల ఆచారములను గ్రంథస్థము చేసెను. ఇట్టి సేవల వలన మన పల్లెలలో ప్రార్థనాలయములు వెలసినవి.

వీనిలో పాతబడిన దాని గోడ బీటవారగానే, "కూల్చి కొత్తది కట్టుదము" అనుట సులభము. కూల్చిన పిదప తాతల చెమటను తిరిగి తేలేము. డోర్నకల్లులో 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడిన దేవాలయమును తలచుకొనుడు. బిషప్ అజరయ్య కాలమున మన పల్లె స్త్రీలు వంటకు ముందు పిడికెడు బియ్యము సంఘమునకై వేరుగా తీసిపెట్టెడివారు. అట్టి చిన్న కానుకలతో పెరిగిన సంఘమునకు కట్టడమును నిలుపుకొనుట అసాధ్యము కాదు.

మరమ్మతు ఎక్కడ మొదలిడవలెను? ముందు పైకప్పు చూడవలెను. పగిలిన పెంకును మార్చి, దూలములకు చెదలు పట్టినదేమో తట్టి చూడుడు. గోడలో మొలచిన రావి, మర్రి మొక్కలను చిన్నవిగా నున్నప్పుడే తొలగింపుడు. పునాది చుట్టు వాననీరు నిలువకుండ కాలువ తీయుడు. సున్నముతో కట్టిన గోడకు సిమెంటు పూత పూయకుడు. సున్నము తేమను బయటకు విడుచును; సిమెంటు దానిని లోపలనే బంధించును. అంతట ఇటుక పొరలు పొరలుగా రాలును. భద్రాచలమువద్ద గోదావరి 1986లో 75.6 అడుగులకును, 2022లో 71.3 అడుగులకును పెరిగినది. వరదనీట నానిన గోడ నెమ్మదిగా ఆరవలెనన్న సున్నపు పూతయే తగును. బీట పెరుగుచున్నచో అనుభవముగల ఇంజనీరునకు చూపక పని ముట్టరాదు.

ఇందు పంచాయతీ పాత్ర యేమి? ఒక మతాభివృద్ధికై ప్రత్యేకించిన పన్నును చెల్లింపుమని ఎవరిని నిర్బంధింపరాదని రాజ్యాంగము 27వ అధికరణము చెప్పుచున్నది. కావున ఇంటిపన్ను సొమ్మువైపు చూడక, సంఘమువారే చందాలు కూర్చుకొనుట మేలు. ప్రతి రూపాయి లెక్కను గోడపై అంటింపవలెను. కాని అందరును నడచు దారి, మురుగుకాలువ, వీధిదీపము పంచాయతీ పనులే. వానిని సరిచేసిన ఆ కట్టడమునకును రక్ష కలుగును. ఏజెన్సీ గ్రామములలో ప్రజల సంప్రదాయములను, సాంస్కృతిక విశిష్టతను కాపాడు అధికారము గ్రామసభకు కలదని 1996 నాటి పెసా చట్టము గుర్తించినది. కూల్చుటయో నిలుపుటయో తేల్చుకొనుటకు ముందు సంఘమువారు ఆ సభలో పెద్దల మాట వినుట మంచిది.

శ్రమదానమునకు మతభేదము లేదు. రాముని కల్యాణమునకు పందిరి వేసిన చేయి ప్రార్థనాలయమునకు పెంకు అందించినచో గ్రామము బలపడును. ఈ వానలు రాకమునుపే మీ ఊరి పాత కట్టడము చుట్టు ఒకసారి నడచి చూడుడు. పని అచ్చటనే మొదలగును.